తర్వాత గీసిన గీత

హన్మకొండ నుంచి వచ్చిన సారు
కాన్పుల గది గోడకు వేలు రాసి చూసిండు.
దుమ్ము లేదు. కర్టెన్లు కొత్తవి.
గోడ మీద పెయింటర్ "తల్లీ బిడ్డా కేమం" అని రాసిండు,
ఒత్తు మరిచిపోయిండు.
సారు దానికి మార్కులు కొయ్యలె.

ముప్పై కేస్ షీట్లు తిరగేసి
పార్టోగ్రాఫుల కాడ ఆగిండు.
"సలోమి సిస్టర్, మీ గ్రాఫులు ముగ్గేసినట్టున్నయ్."
ముగ్గే సారూ.
కాన్పయినంక, చేతులు కడుక్కొని,
చల్లారిన చాయ్ తాగి,
స్కేలు పెట్టి, చుక్కలు కలిపి, తీరిగ్గ వేసినం.

గిది మీ కాయితంల రాయలేదు నేను.
మీ కాయితంల మూడే గడులున్నయ్:
బాగుంది, పర్వాలేదు, బాగలేదు.
"ఒక్కదాన్నే ఉన్న" అనే గడి లేదు.

అరగంటకోసారి బిడ్డ గుండె వినాలె,
నాలుగు గంటలకోసారి లోపల చూడాలె.
రూలు మంచిదే. నర్సంపేట ట్రైనింగ్‌ల
చెయ్యెత్తి చెప్పింది నేనే.
గని రాత్రిపూట రెండు మంచాలు, ఇద్దరు తల్లులు, నేను.
డాప్లర్‌ల సెల్లు అయిపోతే
గోడ గడియారం సెల్లు గుంజి వేస్త.
గుండె వినబడతది. గడియారం ఆగుతది.
ఏ టైంకు విన్నవంటే
ఏం రాయాలె?

అనుమానమొస్తే ఎంజీఎంకు పంపుమంటరు.
పంపితే అక్కడి చిన్న డాక్టరమ్మ ఫోన్ల
"గింత దానికే పంపుతరా" అంటది.
ఆమె తప్పు గాదు, ఆ వరండల
నడవనీకి సందు లేకుంట చాపలు చూసిన.
పంపకపోతే సంజాయిషీ కాయితం వస్తది,
అది మాత్రం టైంకే వస్తది.

ఆయమ్మ కొంరమ్మను మీరు అడుగలె.
అడిగితే చెప్తుండె:
"మంచం ఎత్తెక్కువ బిడ్డా,
పొట్టి ఆడోళ్లు ఎక్కాలంటే నా వీపే మెట్టు."
ఇరవై రెండేండ్ల సర్వీసు ఆ వీపుది.

నిరుడు శ్రావణంల, వాగు రోడ్డెక్కిన రాత్రి
కుర్సం సునీల వచ్చింది. తొలిచూలు.
ఆశా సారలక్క ట్రాక్టర్ మీద తెచ్చింది,
గొడుగు సునీల కడుపు మీదనే పట్టి
తను నెత్తి నుంచి మడిమల దాంక తడిసి.
అవతలి మంచం మీద తల కనబడుతున్నది, నేను అటు.
ఇవతల సునీల అరువలె.
అరిస్తే తిడతరని ఎవరో చెప్పిన్రట ఊళ్లె.
ఎవరో ఏంది, తిట్టింది మేమే,
వాళ్లక్కను, అదే మంచం మీద.

నేను ఇటు తిరిగేసరికి
ఉమ్మనీరు పచ్చగున్నది.
అంబులెన్సు వాగవతల లైట్లేసుకొని నిలబడ్డది.
బిడ్డ నీలంగ పుట్టింది.
బ్యాగు పట్టి ఒత్తిన, ఒత్తిన.
పొడిగుడ్డ దొరక్క సారలక్క
కర్టెన్ గుంజిచ్చింది వీపు రుద్దనీకి.
ఏడ్చింది.
ఎంతసేపటికో ఆగిన గడియారానికి తెల్వదు.
షీట్ల రాసిన: వెంటనే ఏడ్చింది.

మొన్న ఎండకాలం, టీకాల రోజు
సునీల కొంగుల తునికి పండ్లు తెచ్చింది నాకు.
"నువ్వే బతికిచ్చినవ్ సిస్టర్."
అప్పటి సంది వచ్చినప్పుడల్లా
ఆ పిల్లను పేరు పెట్టి పిలుస్త.
ఒక్కోసారి తిరుగుతది.
ఒక్కోసారి
సూది మందు ఎక్కిచ్చుకుంట మళ్ల పిలుస్త.

మీ జీపు మూల తిరిగింది.
తొంబై ఒక్క మార్కులన్నరు. సంతోషం.
సారలక్క తన పైసల్తోని నాలుగు సెల్లులు కొనుక్కొచ్చింది:
రెండు గుండెకు, ఒకటి గడియారానికి,
ఒకటి ఎందుకంటే నవ్వింది.
లోపల ఒకామె పల్లు బిగబట్టి మూలుగుతున్నది.
"అరువమ్మా, ఎవ్వరేమనరు" అన్న.
బిడ్డ గుండె నూట నలభై నాలుగు.
టైం పదకొండు ఇరవై.
ఈ చుక్క ఇప్పుడే పెడుతున్న.